సేవ్ అయిందా, లేదా? విమ్, ఈమాక్స్ మెసేజ్‌ల తగువు మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో ఏటిగట్టు పక్కన ఒక గ్రంథాలయం మేడమీద గది. ఎనిమిది పాత కంప్యూటర్లు, వాటిలో మూడింటికే యూపీఎస్. పాత పత్రికల్లో వచ్చిన కథలూ పద్యాలూ టైపు చేసి, అచ్చుతప్పులు దిద్ది దాస్తుంటాం. యంత్రాలు ముసలివి కాబట్టి తేలికైన ఎడిటర్ (టైపు చేసి దిద్దుకునే ప్రోగ్రాం) కావాలని చాలామంది విమ్ అనేది పట్టారు. మాస్టారు, ఇంకో ఇద్దరు మాత్రం ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్. ఈమధ్య అందరికీ ఉమ్మడిగా ఉన్న విమ్ సెట్టింగుల ఫైల్లో ఒకే ఒక్క అక్షరం చేరింది. దాని మీద మొదలైన తగువు నెల తిరిగినా చల్లారలేదు. వచ్చినవాళ్లందరూ అవే ప్రశ్నలు అడుగుతుంటే చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఇలా రాసి పెడుతున్నాను.

అసలు ఏం జరిగింది?

విమ్‌లో ఫైలు సేవ్ చేస్తే స్క్రీను అడుగున ఒక లైను వస్తుంది. ఫైలు పేరు, ఎన్ని లైన్లు, ఎన్ని బైట్లు, చివర 'రిటెన్' అన్న మాట. ఫైలు తెరిచినప్పుడు కూడా సరిగ్గా ఇదే లైను వస్తుంది, ఆ చివరి మాట ఒక్కటే ఉండదు. షార్ట్‌మెస్ అని ఒక సెట్టింగు ఉంది. ఏ మెసేజ్‌ని పొట్టిగా చూపాలి, దేన్ని అసలు చూపకూడదు అన్నది అందులోని అక్షరాలు చెబుతాయి. అందులో పెద్ద డబ్ల్యూ (క్యాపిటల్ W) చేరిస్తే సేవ్ చేసినప్పుడు 'రిటెన్' అన్న మాట రాదు. మిగతా లైను మామూలే.

ఒక శనివారం సాయంత్రం ఆ డబ్ల్యూ చేరింది. ఎవరికీ కబురు లేదు.

సోమవారం పాలకొల్లు నుంచి వచ్చే అమ్మాయి ఒక పెద్ద కథ దిద్దుతోంది. సేవ్ కొట్టింది. 412 లైన్లు అని వచ్చింది గానీ 'రిటెన్' రాలేదు. మళ్లీ కొట్టింది, రాలేదు. ఫైలు తెరుచుకుందే తప్ప సేవ్ కాలేదనుకుంది. ఎందుకైనా మంచిదని వేరే పేరుతో ఒక నకలు తీసింది. దానికీ రాలేదు. ఇంకో నకలు తీసింది. సాయంత్రానికి ఒకే కథకు మూడు ఫైళ్లు, మూడింటిలోనూ వేర్వేరు చోట్ల దిద్దుబాట్లు. ఒక్క అక్షరం కూడా పోలేదు, నిజమే. కానీ ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏది సరైనదో తేల్చి ఒకటి చేయడానికి ఇద్దరికి రెండు రోజులు పట్టింది.

మార్చింది ఎవరు?

నేనే. ఇంతవరకు 'చేరింది' అని తప్పించుకుని రాశాను, ఇక లాభం లేదు. కింద ఈ వాగుడంతా ఎందుకని మాస్టారు చాన్నాళ్లుగా అంటున్నారు. నాకూ నిజమే అనిపించింది. వెళ్లేముందు అర నిమిషంలో చేర్చేసి లైటార్పేసి దిగిపోయాను. మాస్టారి మీదికి నెట్టడం లేదు. ఆయన అన్నారంతే, చెయ్యి నాది.

ఒక్క మాట పోతే అంత అయోమయం ఎందుకు? కొత్తగా మార్పులు చేశామో లేదో స్క్రీను మీద వేరేచోట కనిపించదా?

ఇదే అసలు ప్రశ్న. నెల రోజుల తగువులో దీన్ని సూటిగా అడిగింది ఒక్కరే.

సేవ్ కాని మార్పులుంటే విమ్ స్టేటస్ లైనులో కూడిక గుర్తు చూపిస్తుంది. కానీ స్టేటస్ లైను ఎప్పుడు కనబడాలన్నది లాస్ట్‌స్టేటస్ అనే ఇంకో సెట్టింగు చేతిలో ఉంది. విమ్‌లో దాని డిఫాల్ట్ (మనమేమీ మార్చకపోతే ఉండే) విలువ 1. అంటే రెండు కిటికీలు (విండోలు) తెరిచినప్పుడే ఆ లైను వస్తుంది. ఒక్క ఫైలు తెరుచుకుని పని చేసుకునేవాళ్లకి ఆ లైనే ఉండదు, కాబట్టి కూడిక గుర్తూ ఉండదు. వాళ్లకి సేవ్ అయిందని చెప్పే ఏకైక సాక్షి ఆ 'రిటెన్' అన్న మాటే. దాన్నే నేను తీసేశాను.

మరి మాస్టారికి అది వాగుడులా ఎందుకు అనిపించింది? ఆయన ఈమాక్స్ మనిషి. ఈమాక్స్‌లో కిటికీ అడుగున మోడ్ లైను ఎప్పుడూ ఉంటుంది. మార్పులుంటే అందులో రెండు నక్షత్రాలు, సేవ్ చేస్తే అవే గీతలైపోతాయి. దాని కింద 'రోట్' అని ఫైలు పేరుతో వచ్చే మెసేజ్ ఆయనకి చెప్పిందే చెప్పడం. ఆయన స్క్రీను మీద ఆయన మాట నిజమే. ఆ నిజాన్ని నేను పక్క స్క్రీనుకి ఎత్తుకెళ్లి పెట్టాను, అక్కడ అది అబద్ధమైంది.

అందుకే ఇప్పుడు మా పద్ధతి ఇదీ: ఒక మెసేజ్ తీసేయాలంటే ముందు అదే సంగతి చెప్పే గుర్తు ఇంకోచోట ఉందో లేదో చూడాలి. లేకపోతే ముందు ఆ గుర్తు పెట్టాలి, తర్వాత మెసేజ్ సంగతి.

ఇంత చిన్నదానికి ఇంత గొడవా?

ఎడిటర్లు పుట్టినప్పటి నుంచీ ఉన్న గొడవే ఇది. కెన్ థాంప్సన్ 1969లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన ఈడీ అనే ఎడిటర్ ఉంది. పిసినారితనంలో దాన్ని మించింది లేదు. ఏ తప్పు చేసినా ఒక్క ప్రశ్నార్థకం గుర్తు వేసి ఊరుకుంటుంది. ఏం తప్పో తెలియాలంటే చిన్న హెచ్ కొట్టి అడగాలి. ప్రతి తప్పుకీ కారణం చెప్పమంటే పెద్ద హెచ్ కొట్టాలి.

కానీ ఒకటి గమనించండి. అంత పిసినారి ఈడీ కూడా ఫైలు సేవ్ చేసినప్పుడు మాత్రం ఎన్ని బైట్లు రాసిందో అంకె వేసి చెబుతుంది. ప్రత్యేకంగా నోరు మూసుకోమంటే తప్ప. తప్పుల దగ్గర పొదుపు చేసినవాళ్లే సేవ్ దగ్గర చేయలేదు. నేను ఆ శనివారం ఈడీ కంటే పిసినారినయ్యాను.

డిఫాల్ట్ నచ్చకపోతే ఎవరికి వాళ్లు మార్చుకోవచ్చు కదా, తగువెందుకు?

మార్చుకోవచ్చు. మార్చుకోవచ్చని తెలిసినవాళ్లు. షార్ట్‌మెస్ అన్న పేరు తెలిసిన మనిషికి డిఫాల్ట్ ఏదైనా ఒకటే, రెండు నిమిషాల పని. ఆ పేరే వినని మనిషికి ఏది పెడితే అదే ఎడిటర్. మా గదిలో వాదించినవాళ్లందరం మార్చుకోగలిగినవాళ్లమే. దెబ్బ తిన్నది మాత్రం వాదనలో లేని అమ్మాయి.

డిఫాల్ట్‌లు మార్చడం పాపమేమీ కాదు. ఎంచుకున్న భాగాన్ని రంగుతో చూపించడాన్ని ఈమాక్స్ 2009లో వచ్చిన 23వ వెర్షన్ నుంచి డిఫాల్ట్ చేసింది. అంతకుముందు మనమే చెప్పి పెట్టుకోవాల్సి వచ్చేది. విమ్ 2016లో 8వ వెర్షన్‌తో సొంత సెట్టింగుల ఫైలు లేనివాళ్లకోసం కొన్ని సౌకర్యాలు తనే పెట్టి ఇవ్వడం మొదలెట్టింది. నానో ఎడిటర్ 2019లో 4వ వెర్షన్ దగ్గర, పొడుగు లైన్లను తనంతట తాను విరగ్గొట్టే పాత అలవాటు మానేసింది. వీటిలో ప్రతిదానికీ అలవాటు పడ్డవాళ్లు గొణిగి ఉంటారు, అది సహజం. అయితే ఇవన్నీ కొత్త వెర్షన్‌తో పాటు రాతపూర్వకంగా వచ్చాయి. ఈమాక్స్‌లో కంట్రోల్-హెచ్ తర్వాత ఎన్ కొడితే ఆ వెర్షన్‌లో ఏం మారిందో చదువుకోవచ్చు. నేను శనివారం చేసిన మార్పు గురించి చదువుకోవడానికి ఎక్కడా ఏమీ లేదు. గోడ మీద తెల్లకాగితం అంటించినా సరిపోయేది.

నియోవిమ్‌లో ఇంకా తక్కువ మెసేజ్‌లు వస్తాయి. అక్కడ లేని తప్పు ఇక్కడ ఎలా అయింది?

భీమవరంలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఈ ప్రశ్న వేసి నన్ను కాసేపు ఇరుకున పెట్టాడు. నియోవిమ్ 2014లో విమ్ నుంచి చీలి వేరుపడింది. దాని షార్ట్‌మెస్ డిఫాల్ట్‌లో పెద్ద ఎఫ్ ఉంది. ఫైలు తెరిచినప్పుడు లైన్లు, బైట్ల సమాచారం రాకుండా అది ఆపుతుంది. విమ్ డిఫాల్ట్‌లో ఆ ఎఫ్ లేదు.

కానీ అదే నియోవిమ్‌లో లాస్ట్‌స్టేటస్ డిఫాల్ట్ 2. అంటే ఒక్క కిటికీ ఉన్నా స్టేటస్ లైను, దానితోపాటు కూడిక గుర్తు ఎప్పుడూ కళ్లముందే ఉంటాయి. పైగా అది తెరిచినప్పటి మెసేజ్ తీసింది గానీ సేవ్ చేసినప్పటి 'రిటెన్' తీయలేదు. తెరిస్తే నిశ్శబ్దం, సేవ్ చేస్తే మాట. రెండింటికీ తేడా తెలుస్తోంది. నేను చేసింది సరిగ్గా తిరగేసి: రెండింటికీ ఒకే లైను వచ్చేలా చేశాను.

ఇంకో చోట ఇది తారుమారవుతుంది. వెతుకుతున్న మాట ఎన్నోసారి దొరికిందో, మొత్తం ఎన్ని ఉన్నాయో నియోవిమ్ కింద లెక్క చూపిస్తుంది. విమ్ డిఫాల్ట్‌లో పెద్ద ఎస్ ఉండి ఆ లెక్కని దాచేస్తుంది. అచ్చుతప్పులు దిద్దేవాళ్లకి ఈ లెక్క బంగారం. ఒకే తప్పు 17 చోట్ల ఉందని ముందే తెలిస్తే 16 దిద్ది ఊరుకోం కదా. మా ఉమ్మడి ఫైల్లో ఆ ఎస్ తీసేశాం. దీని మీద మాత్రం ఎవరూ గొడవ పడలేదు. మెసేజ్ తగ్గించడం కాదు, పెంచడం కదా మరి.

'ఎంటర్ నొక్కండి' అని ఆపేసేదాన్ని అయినా తీసేయొచ్చు కదా?

దీని విషయంలో నేను పూర్తిగా విసిగిపోయినవాళ్ల పక్షం. చెప్పాల్సిన మెసేజ్ కింద ఉన్న ఒక్క లైనులో పట్టకపోయినా, ఒకదాని వెంట ఒకటి రెండు మెసేజ్‌లు వచ్చినా విమ్ పని ఆపేసి, ఎంటర్ నొక్కితేగాని కదలదు. కొత్తవాళ్లకి టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. అక్కడ ఎంటర్, స్పేస్ కొడితే ఏ ఇబ్బందీ లేదు. కొన్ని అక్షరాలు ఆ మెసేజ్‌నే పైకీ కిందికీ జరుపుతాయి. ఇంకేదైనా కొట్టారో, దాన్ని విమ్ నేరుగా కమాండ్ కింద తీసుకుంటుంది. మెసేజ్ చూడకుండా గబగబా టైపు చేసుకుపోయేవాళ్ల మొదటి రెండు మూడు అక్షరాలు ఎటుపోయాయో వాళ్లకే తెలియదు.

మా దగ్గర ఇది ఎక్కువగా రావడానికి కారణం మా ఫోల్డర్ల పేర్లే. పత్రిక పేరు, సంవత్సరం, నెల, సంచిక, మళ్లీ రచయిత పేరు, కొబ్బరి మోకులా సాగుతాయి. పేర్లు కుదిస్తే సగం పీడ పోయింది. కింద జాగాని సీఎండీహైట్ సెట్టింగుతో రెండు లైన్లు చేస్తే మిగతా సగం పోయింది. కొత్త విమ్ 9.1లో మెసేజెస్‌ఆప్ట్ అని ఒకటి వచ్చింది. ఎంటర్ కోసం ఆగే బదులు కొన్ని మిల్లీసెకన్లు చూపించి తనే తప్పుకోమని అందులో చెప్పవచ్చు. మా యంత్రాల్లో విమ్ పాతది కాబట్టి ఆ ముచ్చట ఇంకా తీరలేదు.

ఆ జాగాని పూర్తిగా సున్నా చేసేయొచ్చని ఒకరు ఉత్సాహపడ్డారు. అది నియోవిమ్‌లో 0.8 వెర్షన్ నుంచి ప్రయోగాత్మకంగా ఉంది, విమ్‌లో కనీసం ఒక లైను ఉండాల్సిందే. లైను లేకుండా చేస్తే మెసేజ్‌లు పోవు, ఇల్లు లేక వీధిన పడతాయి. ఎంటర్ అడగడం ఇంకా ఎక్కువవుతుంది.

స్వాప్ ఫైలు హెచ్చరిక స్క్రీనంతా నిండిపోతుంది. అది ఆపేద్దామా?

వద్దు. దీని మీద ఓటింగు కూడా పెట్టను.

విమ్ మీరు టైపు చేసేదాన్ని పక్కన ఒక స్వాప్ ఫైల్లో దాచుకుంటూ ఉంటుంది. డిఫాల్ట్ ప్రకారం 200 అక్షరాలు కొట్టాక ఒకసారి, లేదా 4 సెకన్లు చెయ్యి ఆపితే ఒకసారి. కరెంటు పోయి మళ్లీ వచ్చాక అదే ఫైలు తెరిస్తే, పక్కన స్వాప్ ఫైలు కనబడింది, ఏం చేయమంటారు అని పెద్ద హెచ్చరికతో అడుగుతుంది. షార్ట్‌మెస్‌లో పెద్ద ఏ (A) అక్షరం చేరిస్తే ఆ హెచ్చరిక రాదు. తెరుచుకునేది పాత ఫైలు. మీరు దాని మీదే టైపు చేసుకుపోతారు, మధ్యాహ్నం దిద్దిన అరగంట పని స్వాప్ ఫైల్లో అనాథలా పడి ఉంటుంది. వర్షాకాలంలో మా గదిలో కరెంటు తరచుగా పోతుంది, యూపీఎస్ ఎన్నింటికి ఉందో పైన రాశాను.

ఇక్కడే మాస్టారు గోదావరిని తీసుకొచ్చారు. "ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మూడే. ప్రతి అంగుళానికీ టముకు వేస్తే లంకల్లో ఒక్కడైనా లేచి సామాను సర్దుకుంటాడా?" అన్నారు. ఎవరం మాట్లాడలేకపోయాం. స్వాప్ హెచ్చరికని మూడో హెచ్చరిక కింద లెక్కేసి ఉంచాల్సిందేనని, 'రిటెన్' మాత్రం అంగుళం లెక్క అని ఆయన తీర్పు.

అప్పుడు పాలకొల్లు అమ్మాయి అంది: "మాస్టారూ, నీరు తగ్గాక హెచ్చరిక ఉపసంహరించామని కూడా చెబుతారు కదండీ. అది చెప్పకపోతే గట్టు మీద నుంచి ఇంటికి ఎవరొస్తారండీ?"

నెల రోజుల్లో నేను విన్న మంచి మాట అదే. 'రిటెన్' అంటే ఉపసంహరణ కబురు. ఇక లేచి ఇంటికెళ్లొచ్చు అని.

ఈమాక్స్‌లో కరెంటు పోతే ఇలాగే అడుగుతుందా?

అడగదు, చెబుతుంది. ఈ తేడా మాస్టారికి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈమాక్స్ 300 మీటలు నొక్కాక, లేదా 30 సెకన్లు ఊరికే ఉంటే తనంతట తాను వేరే ఫైల్లో దాస్తుంది. కరెంటు వచ్చాక అసలు ఫైలు తెరిస్తే, దాచిన సమాచారం ఉంది, తిరిగి తెచ్చుకోండి అని అడుగున ఒక లైనులో చెప్పి, ఫైలు తెరిచేస్తుంది. మీరు మీట నొక్కగానే ఆ లైను మాయం. విమ్ దారికి అడ్డంగా నిలబడి అడుగుతుంది, ఈమాక్స్ పక్కనుంచి పోతూ చెవిలో చెబుతుంది. మెసేజ్‌లు తక్కువ ఉండాలన్న వాదన మీద నాకున్న అనుమానం ఇదే: పక్కన పది పనికిరాని మెసేజ్‌లు ఉన్నా లేకున్నా, ముఖ్యమైనది ఒక్క లైనులో వచ్చి పోతే దాన్ని చూడనివాళ్లు చూడరు.

పోయిన మెసేజ్‌ని మళ్లీ చూడటం ఎలా?

విమ్‌లో కోలన్ కొట్టి మెసేజెస్ అని టైపు చేయండి. పాత వెర్షన్లలో చివరి 200 గుర్తుంటాయి, కొత్తవాటిలో 500. ఈమాక్స్‌లో కంట్రోల్-హెచ్ తర్వాత ఈ (e) అక్షరం కొట్టండి. మెసేజ్‌లు దాచిన జాగా (బఫర్) తెరుచుకుంటుంది, 1000 లైన్ల వరకు ఉంటుంది. ఎడిటర్ మూసేస్తే రెండింటిలోనూ పోతాయి.

412 లైన్లు, 46 వేల చిల్లర అని వస్తోంది. నేను అన్ని అక్షరాలు టైపు చేయలేదే?

తెలుగులో పని చేసే ప్రతివాళ్లకీ వచ్చే అనుమానం. తగువుతో దీనికి సంబంధం లేదు గానీ అదే లైనులో ఉంది కాబట్టి చెబుతాను. అవి బైట్లు. యూనికోడ్‌లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 అనే దాచే పద్ధతిలో 3 బైట్లు తింటుంది. 'గోదావరి' అని మనం చదివేది నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కి గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్క: గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి, మొత్తం ఏడు. ఏడు మూళ్లు 21. లైను చివర ఒకటి కలిపి 22. ఆ ఒక్క మాట టైపు చేసి సేవ్ చేసి చూడండి, 22 అనే వస్తుంది.

పాత విమ్‌లో ఈ అంకె పక్కన క్యారెక్టర్లని సూచించే సీ ఉండేది. బైట్లు లెక్కపెట్టి అక్షరాలని పేరు పెట్టడమన్నమాట. ఇంగ్లీషులో రెండూ సాధారణంగా ఒకటే కాబట్టి చాన్నాళ్లు ఎవరికీ పట్టలేదు. తర్వాత దాన్ని బీ చేశారు. డిఫాల్ట్ మెసేజ్‌లో ఒక అక్షరం మార్చి నిజం చేసిన సందర్భం ఇది. నేనూ ఒక అక్షరమే మార్చాను. అసలు అక్షరాల లెక్క కావాలంటే జీ కొట్టి, తర్వాత కంట్రోల్-జీ కొట్టండి, రెండు లెక్కలూ చెబుతుంది.

ఈమాక్స్ తెరవగానే వచ్చే పలకరింపు తీసేయాలంటే నా యూజర్‌నేమ్ ఎందుకు రాయాలి?

డిఫాల్ట్ మెసేజ్‌ల చరిత్రలో నాకు బాగా నచ్చిన మొండితనం ఇది. జీఎన్‌యూ (ఈమాక్స్ ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు) గురించి తెలుసుకోవాలంటే ఫలానా మీటలు నొక్కండని ఈమాక్స్ తెరవగానే అడుగున చెబుతుంది. మిగతా మెసేజ్‌లలాగా 'వద్దు' అని పెడితే ఇది పోదు. మీ సొంత సెట్టింగుల ఫైల్లో మీ లాగిన్ పేరుని అక్షరాలా రాయాలి. కావాలనే అలా పెట్టారు. ఏ ల్యాబులోనో ఉమ్మడి ఫైలు చూసుకునే నాలాంటివాడు అందరి తరఫునా దీన్ని ఒక్క దెబ్బతో ఆపేయకుండా. మీకు అక్కర్లేదంటే మీరే చెప్పాలి, మీ బదులు ఇంకొకరు చెప్పడం కుదరదు. విమ్‌లో డబ్ల్యూకి ఇలాంటి తాళం ఉంటే ఈ పేజీ రాయాల్సిన పనే ఉండేది కాదు.

బీప్ శబ్దం?

ఆపుకోండి, ఎవరికీ అభ్యంతరం లేదు. విమ్‌లో బెల్‌ఆఫ్. పక్క కుర్చీ వాళ్లు మీకు రుణపడి ఉంటారు.

ఉమ్మడి ఫైలు నాకు నచ్చలేదు. నా సెట్టింగు నేను పెట్టుకోవచ్చా?

నిరభ్యంతరంగా. ఉమ్మడి ఫైలు తర్వాతే విమ్ మీ సొంత ఫైలు చదువుతుంది కాబట్టి మీ మాటే చెల్లుతుంది. రెండు గోతులు ఉన్నాయి, చూసి నడవండి.

మొదటిది, షార్ట్‌మెస్‌కి సమానం గుర్తు పెట్టి ఒక్క అక్షరం రాయకండి. అలా రాస్తే అప్పటికే ఉన్న అక్షరాలన్నీ తుడిచిపెట్టుకుపోయి, మెసేజ్‌లన్నీ పొడుగ్గా మారి, ఎంటర్ కొట్టమనడం రెట్టింపవుతుంది. చేర్చడానికి కూడిక, సమానం కలిపి రాయండి, తీయడానికి తీసివేత, సమానం.

రెండోది మా డీటీపీ తమ్ముడు పడిన గొయ్యి. పైన చెప్పానే, విమ్ 8 నుంచి సొంత ఫైలు లేనివాళ్లకి కొన్ని సౌకర్యాలు తనే ఇస్తుందని. మీరు ఒక్క లైనుతో సొంత ఫైలు పెట్టుకున్నా సరే, 'ఈయనకి అన్నీ తెలుసు' అనుకుని అవన్నీ ఇవ్వడం మానేస్తుంది. తమ్ముడు ఒక మెసేజ్ కోసం ఒక లైను రాశాడు. మర్నాడు రంగులు పోయాయి, కింద మూలన కర్సర్ ఏ లైనులో ఉందో చూపించే అంకెలు పోయాయి. "అన్నా, మళ్లీ ఏం మార్చావు?" అని నా మీదికే వచ్చాడు. నాకున్న పేరు అలాంటిది మరి. మీ ఫైల్లో మొదటి లైనుగా విమ్ ఇచ్చే డిఫాల్ట్స్ ఫైలుని సోర్స్ చేయమని (ముందు దాన్ని చదవమని) రాసుకుంటే ఇది రాదు.

చివరికి ఉమ్మడి ఫైల్లో ఏముంది?

డబ్ల్యూ తీసేశాను, 'రిటెన్' తిరిగొచ్చింది. లాస్ట్‌స్టేటస్ 2 చేశాను, కూడిక గుర్తు అందరికీ కనిపిస్తుంది. వెతుకులాట లెక్క కనిపించేలా పెద్ద ఎస్ తీసేశాను. కింద జాగా రెండు లైన్లు. స్వాప్ హెచ్చరిక జోలికి పోలేదు. ఇకమీదట ఏ మార్పైనా వారం ముందు గుమ్మం పక్క బోర్డు మీద సుద్దతో రాయాలి, ఎవరైనా కాదంటే ఆగాలి. ఈ ఆఖరి షరతు పెట్టింది పాలకొల్లు అమ్మాయి.

కరెంటు వచ్చాక హెచ్చరిక వచ్చింది. ఏం నొక్కాలి?

కంగారుపడి ఈ (E) అక్షరం నొక్కకండి, అది పాత ఫైలునే తెరుస్తుంది. ముందు అదే ఫైలు పక్క కంప్యూటర్లో ఎవరైనా తెరిచి పెట్టారేమో కేకేసి కనుక్కోండి. తెరిచి ఉంటే క్యూ కొట్టి బయటికి రండి. ఎవరూ తెరవలేదంటే ఆర్ నొక్కండి, దాచిన పని తిరిగొస్తుంది. దాన్ని వేరే పేరుతో సేవ్ చేసి పాతదానితో పోల్చి చూడండి. సరిగ్గా ఉందనుకున్నాకే స్వాప్ ఫైలు తీసేయండి. తీయకపోతే మళ్లీ తెరిచినప్పుడు మళ్లీ అదే హెచ్చరిక. వేరే పేరుతో తీసిన నకలుని పని అయ్యాక తీసేయడం మరచిపోకండి. మూడు నకళ్ల కథ ఇంకోసారి వద్దు.

మాస్టారు ఒప్పుకున్నారా?

లేదండి. విమ్ వాళ్ల ఖర్మ విమ్ వాళ్లదన్నారు. తన ఈమాక్స్‌లో సేవ్-సైలెంట్లీ పెట్టించుకుని 'రోట్' అన్న మెసేజ్ కూడా రాకుండా చేసుకున్నారు. ఇప్పుడు ఆయన సేవ్ చేస్తే చడీచప్పుడూ ఉండదు. కాకపోతే సేవ్ కొట్టిన ప్రతిసారీ కళ్లజోడు పైకి తోసుకుని, ముందుకి వంగి, కింద నక్షత్రాలు గీతలయ్యాయో లేదో చూసుకుని గాని కాఫీకి లేవడం లేదు.